ఏమోయ్ పట్టేంత ఎడం

"తమ్ముడూ, మా ఇంట్లో సాయంత్రం అవడం మానేసిందిరా," అంది అక్క ఫోన్లో.

సైలెంటు చేతిలో పానా అలాగే ఆగిపోయింది. అక్క ఏడుస్తూ చెప్పే కష్టాలకు అతను పెద్దగా కంగారు పడడు. నవ్వుతూ చెబితేనే భయం. ఇప్పుడామె నవ్వుతూ చెప్పింది.

సైలెంటు అన్నది అతని అసలు పేరు కాదు. చెడిపోయిన మోటార్లను విప్పి, కొత్త తీగ చుట్టి, మళ్లీ బతికించడం అతని పని. పంపులు, ఫ్యాన్లు, కుట్టు మిషన్లు, ఏవైనా సరే. అరుస్తూ కొట్లోకి వెళ్లిన మోటారు పిల్లిలా బయటికి వచ్చేది. "మోటారన్నాక పని చెయ్యాలి. పని చేస్తున్నానని చాటింపు వేసుకోకూడదు," అనేవాడు. అందుకని వీధి వీధంతా కలిసి ఆ పేరు పెట్టింది. అతను మాత్రం నోరు మూస్తే ఎక్కడ తుప్పు పడుతుందో అన్నట్టు మాట్లాడతాడు.

"కారు కళ్లు పోయాయిరా," అంది అక్క. "ముందు ఎడమది. తర్వాత కుడిది. లోపల గుయ్యిమని తిరుగుతున్నాయి గానీ పైకి లేవడం లేదు. నెల దాటింది."

"నెల దాటాకా చెప్పడం?"

"మీ బావ వద్దన్నారు. ఆయన బండి మీద నీ చెయ్యి పడకూడదట."

ఆ మాటతో సైలెంటుకు కాస్త ఊపిరాడింది. బావ ఇంకా ఎకసెక్కాలాడుతున్నాడంటే పూర్తిగా చేజారిపోలేదన్నమాట.

ఆ కారుకు రెండే సీట్లు. నేలను రాసుకుంటున్నట్టుండే ఒళ్లు, చేప మూతిలా పల్చటి ముందు భాగం. పగటిపూట చూస్తే దానికి కళ్లే ఉండవు. మీట నొక్కితే బానెట్ మీద రెండు మూతలు లేస్తాయి. వాటి కింద ముడుచుకుని పడుకున్న రెండు గుండ్రటి దీపాలు బయటికి చూస్తాయి. ఆర్పేస్తే మళ్లీ రెప్పలు వాల్చుకుని నిద్రలోకి జారుకుంటాయి. బావ పెళ్లికి ముందే దాన్ని కొన్నాడు. "లెక్కప్రకారం నేను రెండో సంబంధం," అనేది అక్క.

ఆ సందులో హారన్ కొడితే చుట్టుపక్కల పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. అందుకని బావ పని నుంచి వచ్చి, గేటు ముందు ఆగి, హారన్ బదులు లైట్లు దించి లేపేవాడు. కుడి కన్ను టక్కుమని లేచేది. ఎడమది ఎందుకో కాస్త బద్ధకించి, ఆ తర్వాత టక్కుమనేది. ఆ చప్పుడుకు అక్క వచ్చి గేటు తీసేది.

తర్వాత బావ చూపు పోయింది. ఒక్కసారిగా కాదు, నూనె అయిపోతున్న దీపంలా. కారు ఇంటి పక్క షెడ్డులో నిలబడిపోయింది. అయినా అక్క బ్యాటరీ చావనివ్వలేదు. రోజూ పొద్దు గూకే వేళకు వెళ్లి అందులో కూర్చుని మీట నొక్కేది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న బావ చెవి అటు తిప్పేవాడు. టక్. టక్. "పొద్దు గూకింది," అని లేచేవాడు. గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లి, స్నానం చేసి, భోజనానికి కూర్చునేవాడు. అతని చీకటి పగలూ రాత్రీ అని రెండుగా విడిపోయేది ఆ చప్పుడు దగ్గరే.

"పొద్దు గూకిందని నువ్వు నోటితో చెప్పొచ్చుగా అక్కా?"

"చెప్పాను. 'నువ్వు చెబితే గూకుతుందా' అన్నారు. మాట్లాడే గడియారం తెచ్చిపెట్టాను. 'అది టైం చెబుతుంది, సాయంత్రం చెప్పదు' అన్నారు. ఒకరోజు షెడ్డులోకి వెళ్లి గరిటెతో బకెట్ మీద రెండు దెబ్బలు కొట్టాను."

"ఏమన్నాడు?"

"బకెట్ సొట్టపోతుంది, జాగ్రత్త అన్నారు." అక్క నవ్వడం ఆపేసింది. "పగలంతా నిద్రపోతున్నారురా. రాత్రంతా ఇల్లు తిరుగుతున్నారు. మొన్న తెల్లవారకముందే, మధ్యాహ్నం అనుకుని గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోయారు. పాల వ్యాను నడిపేతను చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ప్రతిసారీ బ్రేకు వేసేవాడే ఎదురొస్తాడని ఏముంది?"

సైలెంటు అప్పటికే సంచీ భుజాన వేసుకున్నాడు.

*

"వచ్చాడమ్మా. ఇక బండికి ఆయుష్షు మూడినట్టే," అన్నాడు బావ, అడుగుల చప్పుడు విని.

"బావున్నావా బావా?"

"నువ్వు రానంత వరకూ బానే ఉన్నాను. ఒరే, మీ అక్కను ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు నీతో పంపించాను. బండిని ఒక్కసారైనా పంపానా? ఎందుకో తెలుసా?"

"అక్కయితే తిరిగొస్తుందని ధైర్యం."

"బుర్రకేం, పాదరసం. చేతులే కాస్త చేటంత."

అది నిజమే. సైలెంటు ఆ కారును కడిగాడు, తోశాడు, టైర్లకు గాలి కొట్టాడు. డ్రైవరు సీట్లో మాత్రం ఏనాడూ కూర్చోలేదు. బావ కూర్చోనివ్వలేదు. చూపు పోయాక కూర్చోవచ్చు, ఎవరూ చూడరు. కానీ అలా కూర్చోవడం దొంగతనంలా అనిపించి దాని జోలికి పోలేదు.

దీపాలను పైకెత్తే మోటార్లు రెండూ విప్పి కొట్టుకు తీసుకుపోయాడు. మూత తీసి చూడగానే జబ్బు బయటపడింది. లోపల పళ్ల గేరు మధ్యలో చిన్న గిన్నెలాంటి గుంట ఉంటుంది. అందులో మూడు నైలాన్ ముక్కలుండాలి. మోటారు ఆ ముక్కలను నెడుతుంది, ముక్కలు దీపాన్ని ఎత్తే ఇనప చేతిని నెడతాయి. ఇప్పుడు గుంటలో ముక్కలు లేవు. గ్రీజులో నానిన పసుప్పచ్చటి నూక ఉంది. మోటారు ఎవరినీ నెట్టకుండా, ఎవరికీ చెందకుండా, దానిపాటికది తిరుగుతోంది.

"నీకేం కాలేదే తల్లీ," అన్నాడు సైలెంటు దానితో. "నువ్వు చెప్పేది అవతలికి చేరడం లేదు. అంతే."

నూకంతా కిరోసిన్‌తో కడిగి పారేశాడు. తెల్లటి నైలాన్ కడ్డీని వైసులో బిగించి, కోసి, ఆకురాయితో మెల్లగా రాస్తూ కొత్త ముక్కలు తయారుచేశాడు. గుంటలో పెడితే వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కూర్చున్నాయి. కొత్త గ్రీజు పూశాడు. రెండు మోటార్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి కరెంటు ఇచ్చాడు.

రెండు ఇనప చేతులూ ఒక్కసారే లేచాయి. నిద్రలో ఉన్న మనిషి చెయ్యి తనకు తెలియకుండానే పైకి తేలినట్టు, చప్పుడు లేకుండా. తిరుగుతున్నాయో లేదో వేలు ఆనించి చూసుకోవాల్సి వచ్చింది. కిటికీలోంచి వాలిన మధ్యాహ్నపు ఎండలో ఆ చేతులు లేవడం, వాలడం, మళ్లీ లేవడం చూస్తూ సైలెంటు చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తన జన్మలో ఇంత నెమ్మదైన మోటార్లు చెయ్యలేదనుకున్నాడు.

అక్కడే పప్పులో కాలేశాడు. ఆ సంగతి సాయంత్రం దాకా తెలియలేదు.

*

పొద్దు వాలుతుండగా మోటార్లు బిగించడం పూర్తయింది. అక్క కొంగుతో చేతులు తుడుచుకుని కార్లో కూర్చుంది. మీట నొక్కింది.

రెండు రెప్పలూ జంటగా లేచాయి. పట్టు తెర తొలగినట్టు, అంత మెత్తగా. దీపాల వెలుగు షెడ్డు గోడ మీద పల్చటి తేనెలా పారింది. ఎక్కడినుంచో రెండు పురుగులు వచ్చి అందులో ఈదడం మొదలుపెట్టాయి. అక్క నోటిమీద చెయ్యి పెట్టుకుంది. సైలెంటు తలుపుకు ఆనుకుని, వరండా వైపు నుంచి రావలసిన మాట కోసం ఎదురుచూశాడు.

రాలేదు.

అక్క దీపాలు దించి మళ్లీ లేపింది. అయినా రాలేదు. సైలెంటు వరండాలోకి వెళ్లాడు. బావ ఇందాకటిలాగే చెవి షెడ్డు వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాడు.

"ఏరా, ఇంకా బిగించలేదా?"

"లైట్లు వెలుగుతున్నాయి బావా. రెండుసార్లు లేపాం."

"ఎక్కడ?"

"ఇక్కడే. షెడ్డులో."

బావ కుర్చీలో ముందుకు వంగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "కారు ఇంట్లోనే ఉందా? ఎవరికైనా ఇచ్చేశారా?"

ఈసారి మాటలో వెటకారం లేదు. వెనకే వచ్చిన అక్క బావ చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకొచ్చింది. బావ బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వేళ్లతో అంచులన్నీ తడిమాడు. వెచ్చగా ఉన్న దీపం అద్దాన్ని పసిబిడ్డ చెంప పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఒళ్లు నాదే," అన్నాడు చివరికి. "గొంతు నాది కాదు. ఇది ఎవరో పెద్దమనిషి బండి. మర్యాదగా లేచింది. మాది ఇలా లేవదు."

మళ్లీ వెళ్లి పడక్కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు కూడా సాయంత్రం కాలేదు.

*

"రాత్రి మళ్లీ మూడు గదులూ కొలిచారు," అంది అక్క పొద్దున్నే, కాఫీ గ్లాసు తమ్ముడి చేతికిస్తూ. అతను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. "గేటుకు తాళం వేసి తాళంచెవి దిండు కింద పెట్టుకున్నాను. మొగుణ్ణి లోపల పెట్టి తాళం వేసుకునే రోజు వస్తుందనుకోలేదు. నీ తప్పేం లేదులేరా."

"నాదే. నేను బాగుచేసింది బావ మోటార్లను కాదు, నా పేరును."

రాత్రంతా పడుకుని ఆలోచించాక సంగతి అర్థమైంది. ఎడమ మోటారులో ఆ ముక్కలు ఏనాడో అరిగిపోయి ఉంటాయి. గుంటలో ఖాళీ వచ్చి ఉంటుంది. మోటారు ఆ ఖాళీ దాటేదాకా ఊరికే తిరిగి, అప్పుడు ఇనప చేతిని అందుకునేది. ఆ ఆలస్యమే బద్ధకం. ఆ వదులే టక్కుమనే చప్పుడు. కుడిదానిలో వదులు తక్కువ కాబట్టి అది ముందు లేచేది. సైలెంటు వెంట్రుక దూరనంత బిగించి ఆ రెంటినీ చంపేశాడు.

ఇప్పుడు మంచి ముక్కలను అరగదీయాలి. బాగుచెయ్యడం నేర్పిన గురువులున్నారు. పాడుచెయ్యడం, అందులోనూ కావలసినంతే పాడుచెయ్యడం, అతనికెవరూ నేర్పలేదు.

"పగలు పని చేసుకో. కానీ లైట్లు లేపి చూడకు," అంది అక్క. "పట్టపగలు టక్కుమంటే ఉన్న కాస్త లెక్కా తప్పుతారు. రోజుకొక్కసారే చూడాలి, పొద్దు గూకే వేళ."

"అలాగైతే నెల పడుతుంది అక్కా."

ఇద్దరూ గేటు వైపు చూశారు. ఇద్దరికీ పాల వ్యానే గుర్తొచ్చింది.

సైలెంటు గ్లాసు కింద పెట్టి, నేరుగా వరండాలోకి వెళ్లి, పడక్కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"బావా, ఇవాళ నీకు చాలా సాయంత్రాలు వినిపిస్తాను. అన్నీ దొంగవే. అందులో నీది ఏదో నువ్వే చెప్పాలి."

బావ ఆలోచించాడు. "వాటిలో ఎన్ని సాయంత్రాలకు భోజనం పెడతారు?"

"ఒక్కదానికే."

"ఎంతైనా మీ వంశంలో చెయ్యి పెద్దది," అన్నాడు బావ. నెల రోజుల్లో మొదటిసారి అతని పెదవి చివర చిన్న వంపు కనిపించింది.

"కుడి కన్ను లేవడానికీ ఎడమది లేవడానికీ మధ్య ఎంత ఎడం ఉండేది?"

బావ కుర్చీ చెయ్యి మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. గుమ్మంలో అక్క నేల చూపులు చూస్తోంది.

"ఒక ఏమోయ్ పట్టేంత," అన్నాడు.

"ఏంటీ?"

"చెవుడా? గేటు ముందు ఆగి మీట నొక్కేవాణ్ణి కదా. కుడిది టక్కనగానే 'ఏమోయ్' అనేవాణ్ణి. కార్లోనే, గట్టిగా కాదు. అప్పుడు ఎడమది టక్కనేది. ఇంట్లోంచి మీ అక్క 'ఆఁ' అనేది."

సైలెంటు అక్క వైపు తిరిగాడు. "కార్లో అన్నమాట నీకు వంటింట్లోకి వినపడేదా?"

"ఎందుకు వినపడుతుంది? అప్పుడే అంటారని తెలుసు, అంతే," అని అక్క లోపలికి వెళ్లిపోయింది.

*

ఆ రోజు ఆ ఇంట్లో ఎన్నిసార్లు పొద్దు గూకిందో చెప్పడం కష్టం.

కుడి మోటారు త్వరగానే దారికొచ్చింది. ముక్కల అంచులను కాస్త గీకగానే పాత టక్కు పలికింది. అసలు పరీక్ష ఎడమది. సైలెంటు మోటారును దించకుండానే మూత విప్పి, ముక్కలు బయటికి తీసి, ఆకురాయికి రాసి, మళ్లీ పెట్టేవాడు. అక్క కార్లో కూర్చుని మీట నొక్కేది. వరండాలోంచి బావ 'ఏమోయ్' అని కొలిచేవాడు.

టక్. "ఏమో—" టక్.

"నోట్లో మాట నోట్లోనే కొరికేసింది," అన్నాడు బావ.

మళ్లీ రాశాడు. టక్. "ఏమో... య్" అనబోయేలోపు టక్.

"ఇది మీ అక్కకు కోపం వచ్చిన రోజు. మామూలు రోజు కాదు."

ఇంకాస్త రాశాడు. చెయ్యి అలవాటు చొప్పున ఒక్క గీత ఎక్కువ లాగింది. టక్. "ఏమోయ్." ఏమీ లేదు. "ఏమోయ్, ఇంట్లో ఉన్నావా, ఊరెళ్లావా?" టక్.

"ఈ ఖాళీలో కాపురమే చెయ్యొచ్చురా. వేరేది కొయ్యి."

ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికి వచ్చింది, మెల్లగా వెనక్కి జరిగింది. దొంగ సాయంత్రాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నాయి. ప్రతి టక్కుకూ బావ భుజాలు కాస్త కిందికి దిగేవి. రోజు మోసిన బరువు దించుకున్న మనిషిలా కనిపించి, అంతలోనే కాదన్నట్టు తల ఊపి, మళ్లీ ఆ బరువు ఎత్తుకునేవాడు. ఒకసారి అక్క అలవాటు కొద్దీ కారు దిగి వెళ్లి, మండుటెండలో వరండా లైటు వేసి వచ్చింది. వేసినట్టు ఆమెకే తెలియదు. ఎవరూ ఆర్పలేదు. వేళ మీద ముగ్గురికీ పట్టు తప్పింది. రాత్రీ పగలూ రానివ్వకుండా ఒక్క సాయంత్రాన్నే పట్టుకుని, కుదిరేదాకా మళ్లీ మళ్లీ సరిచేస్తున్నట్టుంది.

నైలాన్ కడ్డీ అరిగి అరిగి వేలెడు మిగిలింది. ఇంకో మూడు ముక్కలకే సరిపోతుంది. కొత్త కడ్డీ ఊళ్లో దొరకదు, తెప్పించాలంటే రోజులు పడతాయి. ఆఖరి ముక్కలు కోసి, గుంటలో అమర్చే ముందు సైలెంటు కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ కంటితో చూసి, చెవితో చప్పుడు లేదని నిర్ధారించుకుని పని చేశాడు. ఇప్పుడు నోట్లో ఏమోయ్ అనుకుంటూ రాశాడు. ఏమోయ్, ఒక రాపిడి. ఏమోయ్, ఇంకొకటి. వేళ్లకు ముక్క ఎంత వదులైందో తెలుస్తోంది. మాట పట్టేంత వదులు. అంతకు మించి గాలి కూడా దూరకూడదు.

మూత బిగించాడు. "అక్కా, నొక్కు."

"ఆగు," అన్నాడు బావ వరండాలోంచి. "ఆమె కార్లో కూర్చుంటే ఎలా? అప్పుడు ఇంట్లో ఉండేది. నువ్వు లోపలికెళ్లవోయ్."

"మరి మీట ఎవరు నొక్కుతారండీ?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఉన్నాడుగా, వాడు కూర్చుంటాడులే."

సైలెంటు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు. తలుపు తీసి, ఒళ్లు మడుచుకుని డ్రైవరు సీట్లోకి జారాడు. తోలు చల్లగా, పాతగా, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు గుంట పడి ఉంది.

"సీటు వెనక్కి జరపకు," అన్న మాట వినిపించింది. "అద్దం తిప్పకు. ఊపిరి కూడా కాస్త పొదుపుగా పీల్చు."

అక్క ఇంట్లోకి వెళ్లిన చప్పుడయింది. సైలెంటు మీట నొక్కాడు.

టక్.

"ఏమోయ్," అన్నాడు బావ. గట్టిగా కాదు.

టక్.

"ఆఁ," అంది ఇంట్లోంచి అక్క.

గోడ మీద తేనె వెలుగు నిండుగా నిలబడింది. పురుగులు మళ్లీ వచ్చాయి. వరండాలో పడక్కుర్చీ కిర్రుమంది.

"పొద్దు గూకింది," అన్నాడు బావ.

"ఇదీ పరీక్షే బావా, పొద్దు ఇంకా..." అంటూ సైలెంటు షెడ్డు బయటికి చూశాడు.

వీధి నీలంగా ఉంది. ఎదురింటి గోడ ఆ నీలంలోనే కరిగిపోయింది. పక్క సీట్లో పెట్టిన ఆకురాయి కోసం చూస్తే కనిపించలేదు, తడుముకుంటే చేతికి తగిలింది. ఎప్పటి నుంచి తను చీకట్లో పని చేస్తున్నాడో అతనికే తెలియదు. ఆ ఇంట్లో పొద్దు గూకిన సంగతి తెలిసింది ఒక్క బావకే.

గోడ మీద అరచెయ్యి రాపిడితో పాటే బావ అడుగులు లోపలికి వెళ్తున్నాయి. స్నానాల గదిలో చెంబు మోగింది. అక్క ఎవరితోనూ కాకుండా ఏదో అంటోంది, కంచాలు సర్దుతోంది.

సైలెంటు మీట నొక్కి దీపాలు దించాడు. రెప్పలు ఒకదాని తర్వాత ఒకటి వాలాయి.

"ఒరే, ఇంకా అందులోనే ఉన్నావా?" అని బావ లోపలినుంచి కేకేశాడు. "దిగి భోజనానికి రా. తలుపు మెల్లగా వెయ్యి."

సైలెంటు దిగాడు. జీవితంలో మొదటిసారి, బావకు వినపడేలా, తలుపు కాస్త గట్టిగానే వేశాడు.